తూకం తగ్గిస్తున్న భర్త, మాట మానేసిన మామగారు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. చిన్న కిరాణా కొట్టు. ఊళ్లో పనుల్లేక అమ్మకాలు పడిపోయాయి, నెలకు 17,000 మించి రావడం లేదు. నా పేరున మూడు గ్రూపు లోన్లు: ఒకటి వారానికి 900, ఒకటి రెండు వారాలకోసారి 1,800, ఒకటి నెలకు 2,600. మొత్తం నెలకు 9,800. ఖాతా పుస్తకంలో అరువు 23,000 ఉంది. మావారు కొన్నాళ్లుగా కిలోకు 50 గ్రాములు తగ్గించి తూస్తున్నారు. తెలిశాక మామగారు కొడుకుతో మాట్లాడటం మానేశారు. ఇంటర్ చదివే మా అబ్బాయేమో "నీతి కిస్తీ కడుతుందా?" అంటున్నాడు. నేనెవరి పక్షాన నిలబడాలి?

జవాబు: పక్షం సంగతి తర్వాతమ్మా, ముందు లెక్క సరిచేద్దాం. 9,800 తప్పు. నెలకు నాలుగే వారాలనుకున్నారు. అలా వేస్తే ఏడాదికి 48 వారాలే, ఉన్నవి 52. మొదటి రెండు లోన్లూ నెలకు 3,900 చొప్పున పడతాయి, మూడోదానితో 10,400. ప్రతి నెలా తగ్గుతున్న ఆ 600 ఎవరికీ అంతుపట్టకపోవడంతో ఇంట్లో ఒకరి మీద ఒకరికి అనుమానం కూడా వచ్చి ఉంటుంది.

ఇక కాటా. రోజుకు 20 కిలోల విడి సరుకు, కిలో సగటున 80 అనుకుంటే, 50 గ్రాములకు 4 రూపాయలు. రోజుకు 80, నెలకు 2,400. ఇంత చేసినా ఒక్క లోను కిస్తీ కూడా తీరడం లేదు. నష్టపోయేది పావుకిలో పప్పు కొనే కూలీలు. బస్తా కొనేవాడు ఇంటికెళ్లి తూచుకుంటాడు, వాడి దగ్గర ఈ పని సాగదు. రేపటి నుంచి తూకం సరిగ్గా ఇచ్చి, కిలోకు 2 రూపాయలు బాహాటంగా పెంచి పలక మీద రాయమనండి. అమ్మకం పడిపోకపోతే నెలకు 1,200 వస్తుంది. మిగతా 1,200 అరువు పుస్తకంలోంచి రావాలి. మూడు నెలల లోపు బాకీలు ముందు అడగండి, వచ్చేవి అవే. పాత బాకీదారులను వారానికి 50, 100 చొప్పున కట్టమని, కొత్త సరుకు నగదుకే ఇవ్వండి. మొత్తం ఒక్కసారే అడిగితే మనిషి వీధి మార్చి వేరే కొట్టుకు పోతాడు, బాకీ, బేరం రెండూ పోతాయి.

కష్టకాలంలో అందరూ నీతి తప్పుతారన్నది మీ అబ్బాయి అనుకున్నంత నిజం కాదు. 2008 మాంద్యంలో అమెరికాలో లక్షలమందికి ఉద్యోగాలు పోతే నేరాలు పెరుగుతాయనుకున్నారు, మొత్తంగా తగ్గాయి. అయితే మామగారి తరం వాళ్లు అనుకునేట్టు పాత రోజులన్నీ ధర్మంగానూ లేవు. 1866 కరువులో ఒరిస్సాలో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం పెట్టిన అన్నసత్రాల్లో తిని బతికినవాళ్లను కులంలోంచి వెలేశారు. వాళ్లకు ఛత్రఖియా, అంటే సత్రం తిండి తిన్నవాళ్లు, అన్న ముద్ర తరాలపాటు ఉండిపోయింది. కరువొస్తే సమాజం కట్టుబాట్లు వదిలేస్తుందనుకుంటాం గానీ, చాలాసార్లు వాటిని బలహీనుల మెడకే బిగిస్తుంది. కిస్తీ తప్పిన ఆడమనిషిని సెంటర్ మీటింగులో, అంటే గ్రూపుల వాళ్లంతా కిస్తీలు కట్టే సమావేశంలో, అందరి ముందు నిలబెట్టడం కూడా అలాంటిదే. మీవారు తూకం తగ్గించడానికి డబ్బాశకన్నా, మీరలా నిలబడాల్సి వస్తుందన్న భయమే కారణమని నా అంచనా. అంతమాత్రాన తప్పు ఒప్పైపోదు, కానీ ఆ భయానికి మందుంది.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, లోను ఇచ్చేనాటికి కిస్తీలన్నీ కలిపి ఇంటి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. అప్పట్లో మీ ఆదాయం ఎంతని రాసుకున్నారో లోను కార్డు తీసి చూడండి. కార్డు ఒడియాలో ఉండి చదవలేకపోతే మీకు అర్థమయ్యే భాషలో అడగండి, ఇవ్వాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, బెదిరించకూడదు, చుట్టాలను వేధించకూడదు. కిస్తీ మొత్తం తగ్గించి గడువు పెంచమని కాగితం మీద రాసివ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. ఒప్పుకోవాలన్న నియమం లేదు, ఒప్పుకుంటే మొత్తం వడ్డీ పెరుగుతుంది. పాతది తీర్చడానికంటూ పెద్ద కొత్త లోను ఇస్తామంటే మాత్రం వద్దనండి, అందులో ఫీజు, బీమా కోత పోగా చేతికొచ్చేది తక్కువ. వేధింపు మీద అప్పిచ్చిన కంపెనీకి ఫిర్యాదు రాసి 30 రోజులు చూసి, జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, నంబరు 15100.

మీవారితో ఈ మాటలు కొట్టు కట్టేశాక, అబ్బాయి లేనప్పుడు, కిస్తీల కాగితం ముందు పెట్టుకుని మొదలెట్టండి. "మోసం" అన్న మాటతో మొదలెడితే ఆయన కాగితం వైపు చూడరు. తూకం సరిచేసిన వారానికి మామగారిని కొట్టులో ఓ పూట కూర్చోమని అడగండి. కొడుకు ముందుగా వచ్చి క్షమాపణ చెప్పాలని ఆయన పట్టుబడితే, ఆ ఒక్కచోట మాత్రం మీవారి పక్షాన నిలబడండి. అబ్బాయికి ఆ 23,000 పుస్తకం అప్పగించండి, ఎవరెంత కట్టారో వాడే రాస్తాడు.