కేటలాగులో రాని పుస్తకం అరలో ఉంటే, కేటలాగులో ఉన్న పుస్తకం అరలో లేకపోతే

మీరు గ్రంథాలయంలో చేరి మూడు నెలలైందని, పాఠకులు అడిగిన పేరు కేటలాగులో కొడితే ఒక్కోసారి సున్నా ఫలితాలు వచ్చి, ఆ తరువాత అదే పుస్తకం అరలో కనబడుతోందని, మరికొన్నిసార్లు తెర మీద ‘అందుబాటులో ఉంది’ అని చూపిస్తున్నా అరలో దొరకడం లేదని రాశారు. నేను చాలా ఏళ్లు కౌంటరులోనూ, ఆ తరువాత అరల్లోని పుస్తకాలను రికార్డుతో సరిచూసే స్టాక్ వెరిఫికేషన్ పనిలోనూ గడిపాను కాబట్టి ఈ రెండు ఇబ్బందులూ నాకు బాగా తెలుసు. వీటి మూలాలు వేరు, కనుక వెతికే తీరు కూడా వేరుగా ఉండాలి.

కేటలాగులో ప్రతి పుస్తకానికీ రెండు అంచెల సమాచారం ఉంటుంది. మొదటిది పుస్తక వివరం: పేరు, రచయిత, ప్రచురణకర్త, విషయం. రెండవది మీ గ్రంథాలయంలో ఉన్న ఒక్కొక్క ప్రతికి సంబంధించినది: యాక్సెషన్ నంబరు (గ్రంథాలయంలో చేరినప్పుడు ఇచ్చే వరుస సంఖ్య), బార్‌కోడ్, కాల్ నంబరు (అరలో దాని చోటును చెప్పే సంఖ్య), ఏ విభాగంలో ఉంది, ఇష్యూ అయిందా, పోయిందా అన్నవి. సున్నా ఫలితాలు వచ్చినప్పుడు లోపం దాదాపు ఎప్పుడూ మొదటి అంచెలోనో, మనం టైపు చేసిన మాటలోనో ఉంటుంది. అరలో దొరకనప్పుడు చూడవలసింది రెండవ అంచెను.

చేరిన కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక విద్యార్థిని తన పాఠ్యపుస్తకాల జాబితా తెచ్చి ఒక మనస్తత్వశాస్త్ర గ్రంథం అడిగింది. జాబితాలో ఉన్న ఇంగ్లీషు పేరును ఉపశీర్షికతో సహా అక్షరం పొల్లు పోకుండా కొట్టాను. ఏమీ రాలేదు. ‘మన దగ్గర లేదమ్మా’ అని పంపించేశాను. వారం తరువాత వేరే పుస్తకాన్ని అరలో పెడుతుంటే అది కనబడింది. జాబితాలో ‘బిహేవియర్’ అనే మాట బ్రిటిష్ పద్ధతిలో, అంటే యు అక్షరంతో ఉంది. మా కేటలాగులో యు లేని అమెరికన్ పద్ధతిలో ఉంది. ఒక్క అక్షరం తేడాతో ఆమె వట్టి చేతులతో వెళ్లింది, ఆ పరీక్షకు ఆ పుస్తకం ఆమెకు అందలేదు. నాకు అది చాలా బాధ కలిగించింది.

అప్పటి నుంచి నేను మొదటిసారి ఎప్పుడూ తక్కువ మాటలే కొడతాను. పేరులో అరుదుగా కనబడే ఒక మాట, రచయిత ఇంటిపేరు, ఈ రెండూ చాలు. ‘పరిచయం’, ‘చరిత్ర’, ‘సూత్రాలు’ వంటి మాటలు వేల పుస్తకాల్లో ఉంటాయి కనుక వాటివల్ల ప్రయోజనం లేదు. అనుమానం ఉన్న మాటను సగంలో ఆపి చివర నక్షత్రం గుర్తు పెడితే, దాని తరువాత ఏ అక్షరాలున్నా వస్తాయి. చాలా సాఫ్ట్‌వేర్లలో, కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో కూడా, ఇది పనిచేస్తుంది.

తెలుగు పుస్తకాలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ‘గ్రంథం’ అని ఒకరు, ‘గ్రంధం’ అని మరొకరు ఎక్కించి ఉంటారు. రోమన్ లిపిలో ఎక్కించిన చోట ‘లక్ష్మి’ అనే పేరు కనీసం రెండు మూడు రకాలుగా ఉంటుంది. వీటికి తోడు కంటికి కనబడని చిక్కు ఒకటి ఉంది: ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాత వత్తు పడకుండా కీబోర్డు ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తుంది. దానిని పట్టించుకోని విధంగా అమర్చని వ్యవస్థలో, ఆ అక్షరం ఉన్న మాటకూ లేని మాటకూ పొంతన కుదరదు. అటువంటి మాటను వదిలేసి పేరులోని ఇంకో మాటతో వెతకడం అన్నిటికన్నా సులువు.

కీవర్డ్ వెతుకులాటకూ, పేరు మొదటి అక్షరం నుంచి వరుసగా చూసే బ్రౌజ్ వెతుకులాటకూ ఉన్న తేడాను గమనించండి. బ్రౌజ్‌లో ఇంగ్లీషు పేర్ల ముందుండే ‘ది’, ‘ఎ’ అనే మాటలను వదిలేసి కొట్టాలి. కేటలాగు వివరాలను కంప్యూటరులో ఎక్కించే మార్క్ పద్ధతిలో, పేరు రాసే 245వ ఫీల్డు (గడి) లోని రెండవ సూచిక, వరుసలో పెట్టేటప్పుడు మొదటి ఎన్ని అక్షరాలను వదలాలో చెబుతుంది. ఇంగ్లీషులో ‘ది’కి మూడక్షరాలు (టి, హెచ్, ఇ), తరువాతి ఖాళీతో కలిపి నాలుగు. అక్కడ పొరపాటున సున్నా వేసి ఉంటే ఆ పుస్తకం టి అక్షరం కింద దాక్కుంటుంది. పుస్తకం తప్పక ఉందని తెలిసినా కనబడనప్పుడు ఒకసారి అలా కూడా చూడండి.

పుస్తకం చేతిలో ఉన్నప్పుడు, ఒక్కో ముద్రణకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ కన్నా నమ్మదగింది లేదనుకుంటాం కానీ, దానికీ పరిమితులున్నాయి. 2007కు ముందు అది 10 అంకెలది, ఆ తరువాత 13. పాత సంఖ్యకు ముందు 978 చేర్చినంత మాత్రాన కొత్త సంఖ్య కాదు, ఎందుకంటే చివరి సరిచూపు అంకె కూడా మారుతుంది. మీ వ్యవస్థ తానే మార్చుకోకపోతే చివరి అంకెను వదిలి నక్షత్రం పెట్టి, 978తో ఒకసారి, అది లేకుండా ఒకసారి వెతకండి. గట్టి అట్ట ప్రతికీ మామూలు అట్ట ప్రతికీ సంఖ్యలు వేరుగా ఉంటాయి కాబట్టి, అది రాకపోతే పేరుతోనే వెతకాలి.

పాఠకులు విషయం చెప్పి అడిగినప్పుడు, నేను కీవర్డ్‌తో సరిపోయే పుస్తకం ఒక్కదానిని పట్టుకుని, దాని వివరంలో ఉన్న సబ్జెక్ట్ హెడింగ్ (విషయాన్ని సూచించే ప్రామాణిక మాట) మీద నొక్కుతాను. కేటలాగు తయారు చేసినవారి మాట మన మాట కాకపోవచ్చు; అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారు చేసిన హెడింగులలో సినిమాలను ‘మోషన్ పిక్చర్స్’ అంటారు. మాటలు కాలంతో పాటు మారుతుంటాయి కూడా. వంటల పుస్తకాలకు ‘కుకరీ’ అని ఉన్న హెడింగును 2010లో ‘కుకింగ్’గా మార్చారు. పాత రికార్డులను సరిదిద్దని చోట రెండు మాటలతోనూ వెతకకపోతే సగం పుస్తకాలు తప్పిపోతాయి.

ఇక మీ రెండవ ఇబ్బంది. ‘అందుబాటులో ఉంది’ అంటే ఎవరికీ ఇష్యూ కాలేదని మాత్రమే అర్థం. అరలో ఉందని కాదు. సిబ్బంది తెరలో ఆ ప్రతి తాలూకు వివరాన్ని తెరిచి, చివరిసారి కనబడిన తేదీని చూడండి. నిన్న తిరిగి వచ్చినదైతే రిటర్న్ ట్రాలీలోనో, సర్దడానికి పెట్టిన బల్ల మీదనో ఉంటుంది. ఆ తేదీ నాలుగేళ్ల కిందటిదైతే అర దగ్గరకు వెళ్లే ముందే పాఠకుడితో ఆ సంగతి చెప్పి, ఇంకో ప్రతి లేదా ఇంకో ముద్రణ ఉందేమో చూడడం మర్యాద.

అర దగ్గర కూడా గుడ్డిగా వెతకనక్కరలేదు. పుస్తకాలు దారి తప్పే తీరులో ఒక వరుస ఉంది. ఒకసారి, పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో ఉష్ణశాస్త్రానికి చెందిన 536 నంబరు పుస్తకం కోసం నేనూ, సహోద్యోగీ గంటసేపు ఆ ర్యాకునే తిరగేశాం. చివరకు వెన్ను మీది చీటీని మనసులో తిప్పి చదివి, శిలాజాల పుస్తకాలుండే 563కు వెళితే అక్కడ ఉంది. దశాంశాలదీ అదే కథ: 530.12 తరువాత 530.4 రావాలి, కానీ పన్నెండు నాలుగు కన్నా పెద్దదని భావించి తిరగేసి పెడతారు. ఆపైన పై అరలో, కింది అరలో అదే స్థానం, పుస్తకాల వరుస వెనుక సందు, పెద్ద సైజు పుస్తకాల బీరువా, ఇవన్నీ చూసిన తరువాతనే దొరకలేదనాలి.

అప్పటికీ దొరకకపోతే అదే రోజు ఆ ప్రతిని ‘కనబడుటలేదు’ అని గుర్తించండి. అలా చేయకపోతే రేపు మరొక సహోద్యోగి అదే గంట వృథా చేస్తారు. రెండేళ్లుగా ఇష్యూ కాక, ఎక్కడా స్కాన్ కాక, అందుబాటులో ఉన్నట్టు చూపే ప్రతుల జాబితాను నెలకొకసారి తీయించి, ఒక్కో ర్యాకు చొప్పున సరిచూస్తే, ఏడాది చివరి వెరిఫికేషన్ భారం చాలా తగ్గుతుంది.

కౌంటరులో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పాఠకులు చెప్పిన ఏ మాటతో పుస్తకం రాలేదో, చివరకు ఏ మాటతో వచ్చిందో రాసి, వారానికొకసారి కేటలాగర్‌కు ఇవ్వండి. మార్క్ రికార్డులో 246వ ఫీల్డు ఉన్నదే వేరు రూపంలో ఉన్న పేర్ల కోసం. ఆ మనస్తత్వశాస్త్ర గ్రంథానికి యు అక్షరం ఉన్న పేరును అందులో చేర్పించాను. మరుసటి ఏడాది అదే జాబితాతో ఇంకొక విద్యార్థి వచ్చినప్పుడు, జాబితాలో ఉన్నది ఉన్నట్టు కొట్టగానే కాల్ నంబరుతో సహా తెర మీదకు వచ్చింది.