క్యాంపర్ లాగే పాత కారు: బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, కలిపి ఏడాదికి 2,30,000 డాలర్ల ఆదాయం. మా 2014 హోండా పైలట్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నది, 1,58,000 మైళ్ళు తిరిగింది. ఏడాదికి ఆరేడు సార్లు దానికి క్యాంపర్ (బండి వెనక లాక్కెళ్ళే, లోపల పడుకోగలిగే ట్రెయిలర్) తగిలించి పిల్లలతో వెళ్తుంటాం. ఈమధ్య ఓక్లహోమాలోని బీవర్స్ బెండ్ పార్కు దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు బండి వణికింది. మెకానిక్ 4,600 డాలర్ల అంచనా ఇచ్చాడు. డీలరు ఈ బండికి 4,000 ఇస్తానంటున్నాడు. బండి ధరకన్నా రిపేరే ఎక్కువ కాబట్టి 48,000లో కొత్తది కొనెయ్యమని మా బావగారి సలహా. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి లెక్కలో ఒక చిక్కుంది. ఆ 4,000 మీరు బండిని వదిలించుకుంటే వచ్చే సొమ్ము. మీకు కావలసింది మరో రెండు మూడేళ్ళ ప్రయాణం. అది కొత్త బండితో ఎంతకు దొరుకుతుందో చూడండి.

టెక్సస్‌లో వాహనం మీద అమ్మకం పన్ను 6.25 శాతం. పాత బండిని డీలరుకే ఇస్తే మిగతా 44,000 మీదే పన్ను పడుతుంది, అంటే 2,750. మీరు 8,000 చేతి నుంచి కట్టారనుకుందాం. అప్పు 38,750. వడ్డీ 7 శాతం, గడువు అయిదేళ్ళు అయితే నెలకు దాదాపు 767 డాలర్ల వాయిదా, మొత్తం వడ్డీ సుమారు 7,300. బీమా పెరుగుదల దీనికి అదనం. మీరు భయపడుతున్న రిపేరు ఖర్చు ఆరు వాయిదాలతో సమానం!

కొత్త కారు అప్పు మీద వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చిందని డీలరు తప్పకుండా చెబుతాడు. నిజమే. 2025 నుంచి 2028 వరకు, అమెరికాలో తయారైన కొత్త వాహనాలకు, ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ దాకా అది వర్తిస్తుంది. కాని దంపతుల ఆదాయం 2,00,000 దాటితే, పైనున్న ప్రతి వెయ్యికీ 200 చొప్పున మినహాయింపు తగ్గుతుంది, అదీ 10,000 పరిమితి నుంచి కాదు, మీరు కట్టిన వడ్డీ నుంచే. మీకు తగ్గేది 6,000. మొదటి ఏడాది మీరు కట్టే వడ్డీ 2,500 కూడా ఉండదు. కనుక మీకు దక్కేది సున్నా. ఆ ఆశతో సంతకం పెట్టకండి.

అలాగని వెంటనే 4,600 ఇచ్చేయమనీ అనను. మీరు పంపిన అంచనా కాగితం చూశాను: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు 1,400, ముందు చక్రాల కుదుపు ఆపే స్ట్రట్లు, బుష్‌లు 1,500, బ్రేకులు 1,000, ట్రాన్స్‌మిషన్ (గేర్ల వ్యవస్థ) ఆయిల్, దాన్ని చల్లబరిచే అదనపు కూలర్ 700. కూలర్ తప్ప అన్నీ అరిగిపోయేవే, అన్నీ అవసరమైనవే. అయితే ఆ వణుకు ఎందుకు వచ్చిందో అందులో ఎక్కడా లేదు. అసలు ప్రశ్న అదే. ఆయిల్ పాతబడి ఉండవచ్చు, ట్రాన్స్‌మిషన్ లోపలే అరిగి ఉండవచ్చు. బరువు లాగే బండిలో ఆ ఆయిల్ మామూలుకన్నా బాగా వేడెక్కుతుంది. నల్లబడి మాడిన వాసన వస్తుంటే మంచి సూచన కాదు. ముందుగా ట్రాన్స్‌మిషన్ పనే చేసే వేరే షాపులో పరీక్ష చేయించండి. దానికి రెండు వందల దాకా అయినా దండగ కాదు.

ట్రాన్స్‌మిషన్ బాగుంటే అంచనాలోని పనులన్నీ చేయించండి, ఏదీ ఆపవద్దు. కొత్త బండి వాయిదా కడుతున్నట్టే నెలకు 767 డాలర్లు విడిగా పొదుపు ఖాతాలో వేయండి. రెండేళ్ళకు 18,400 చేతిలో ఉంటాయి. అప్పుడు మీ బేరమే వేరుగా ఉంటుంది. ట్రాన్స్‌మిషన్ పోయే దశలో ఉంటే మాత్రం బ్రేకుల మీద కూడా పైసా పెట్టకుండా, లోపం దాచకుండా, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి. అప్పుడైనా 48,000 బండి అక్కర్లేదు. కంపెనీయే టోయింగ్ ప్యాకేజీ (బరువు లాగడానికి కావలసిన అమరికలు) పెట్టిన, 5,000 పౌండ్లు లాగగలిగే, మూడు నాలుగేళ్ళ పాత బండి చూడండి. మొదటి మూడేళ్ళ విలువ పతనం అప్పటికే ఇంకొకరు భరించి ఉంటారు.

బరువు సంగతి మీరు రాయలేదు, నాకు ఎక్కువ కలవరం దాని గురించే. మీ పైలట్ లాగగల గరిష్ఠ బరువు 4,500 పౌండ్లు, అదీ బండిలో మనుషులు, సామాను తక్కువగా ఉన్నప్పుడు. క్యాంపర్ ఖాళీ బరువొక్కటే చూస్తే చాలదు. నీళ్ళ ట్యాంకు నింపితే గ్యాలన్‌కు 8 పౌండ్లకు పైగా కలుస్తుంది, గ్యాసు సిలిండర్, బ్యాటరీ, వంటసామాను సరేసరి. నింపిన క్యాంపర్‌ను తగిలించుకుని, ఏదైనా ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద ఒకసారి తూయించండి. హిచ్ (క్యాంపర్‌ను బండికి తగిలించే కొక్కెం) మీద పడే బరువు, క్యాంపర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. పరిమితికి దగ్గరగా ఉందని తేలితే ఏ రిపేరూ ఆ సమస్యను తీర్చదు, ఈ బండితో క్యాంపర్ లాగడం మానుకోవలసిందే.

ఆ పరీక్ష అయ్యేదాకా క్యాంపర్‌ను ఇంటి దగ్గరే ఉంచండి. టైమింగ్ బెల్టు మార్చి ఏడేళ్ళు దాటి ఉంటే, ఆఫీసుకు వెళ్ళే బండి అయినా సరే ఎక్కువ రోజులు ఆగవద్దు. ఆ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. అప్పుడు డీలరు ఇస్తానన్న 4,000 కూడా రావు.