నెలకు 8 పుస్తకాలు, 20 సినిమాలు, ఒక బ్యాంకు పరీక్ష

ప్రశ్న: నా వయసు 22. డిగ్రీ అయిపోయింది. రాజమండ్రిలో ఇంట్లోనే ఉండి బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. ఏ నెలలో ఏం చదివానో, ఏం చూశానో రెండేళ్ళుగా ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మొదట్లో సరదాగా ఉండేది. ఆరునెలల కిందట నెలకు 8 పుస్తకాలు, 20 సినిమాలు అని టార్గెట్ పెట్టుకున్నాను. అప్పట్నుంచి లెక్క తగ్గితే దిగులు. నెలాఖరులో రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నాను, సినిమాలు స్పీడు పెంచి చూస్తున్నాను. మొన్న ఆ నోటుబుక్కు నాన్నగారి కంట పడింది. "పరీక్షకు ఇంత శ్రద్ధగా చదివావా ఎప్పుడైనా?" అని కేకలేసి, వైఫై తీయించేస్తానన్నారు. అమ్మ ఏమీ అనలేక నలిగిపోతోంది. ఇది వ్యసనమా? అన్నీ మానేయాలా?

జవాబు: వ్యసనమా కాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు గంటలు లెక్కేయండి. తెలుగు సినిమా రెండున్నర గంటలనుకుంటే 20 సినిమాలకు 50 గంటలు. 250 పేజీల నవల గంటకు 35 పేజీల చొప్పున చదివితే ఏడు గంటలు దాటుతుంది. అలాంటివి ఎనిమిదంటే సుమారు 57 గంటలు. రెండూ కలిపితే నెలకు 107, అంటే రోజుకు మూడున్నర గంటల పైమాట. ఏ పరీక్షా లేని మనిషికే ఇది కష్టం. మీకు కుదరకపోవడం మీ బద్ధకం వల్ల కాదు, టార్గెట్టే తప్పు.

కుదరని లెక్కను కుదిర్చాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి. మీ విషయంలో రెండు చోట్ల పడిందని మీరే రాశారు: నిద్ర, సినిమా నిడివి. మూడోది మీ నోటుబుక్కులో దొరుకుతుంది. గత ఆరునెలల్లో 25వ తేదీ తర్వాత రాసుకున్నవి ఒకసారి తిరగేయండి. పల్చటి పుస్తకాలు, పొట్టి సినిమాలు అక్కడే గుంపుగా ఉంటాయి. 'వేయిపడగలు' వెయ్యి పేజీలకు అటూఇటూగా ఉంటుంది. మీ లెక్కలో అదీ ఒకటే, 90 పేజీల నవలికా ఒకటే. ఇలా లెక్కపెట్టుకునేవాళ్ళు పెద్ద పుస్తకం జోలికి ఎందుకు పోతారు? లెక్కకు భయపడి ఇష్టమైనవి పక్కన పెట్టేస్తారు.

స్పీడు సంగతీ చూద్దాం. ఒకటిన్నర రెట్లు పెంచితే 150 నిమిషాల సినిమా 100 నిమిషాల్లో అయిపోతుంది. 50 నిమిషాలు మిగిలాయి, నిజమే. కానీ ఎదుటివాళ్ళ డైలాగు పూర్తయ్యాక బ్రహ్మానందం ముఖం మారడానికి పట్టే ఆ ఒకటిన్నర క్షణమే కదా నవ్వు తెప్పించేది! అది ఒక క్షణానికి కుదించుకుపోతే కథ అర్థమవుతుంది, నవ్వు మాత్రం రాదు. అలా చూసినవాటికి నోటుబుక్కులో మార్కు పెట్టి, వాటిలో ఏదైనా ఒకదాని గురించి ఫోను చూడకుండా రెండు నిమిషాలు అమ్మకు చెప్పి చూడండి. పేరు, హీరో తప్ప ఏమీ గుర్తు రాకపోతే ఆ 100 నిమిషాలూ పోయినట్టే.

ఇక చేయాల్సినవి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక కొత్త సినిమా మొదలుపెట్టకండి. అంతకుముందే మొదలైతే 'విశ్రాంతి' అని పడ్డచోట ఆపేయండి. మన సినిమాలకు ఆ సౌకర్యం పుట్టుకతోనే ఉంది, వాడుకోండి. రెండో సగం మర్నాడు. వెబ్ సిరీస్‌లకు ఇంటర్వెల్ ఉండదు కాబట్టి ఓటీటీ యాప్‌లో మీ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, తర్వాతి ఎపిసోడ్ తనంతట తాను మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి. 'ఇదొక్కటీ' అనుకుని కూర్చోబెట్టేది చాలాసార్లు అదే.

పుస్తకాలకు వేరే నియమం. 50 పేజీలు చదివినా పట్టు దొరక్కపోతే వదిలేయండి. నోటుబుక్కు చివర 'సగంలో వదిలేసినవి' అని ఒక పేజీ పెట్టి, ఎందుకు వదిలేశారో ఒక్క వాక్యం రాయండి. పూర్తి చేయాలన్న పంతంతో ఒకే పుస్తకం దగ్గర మూడు వారాలు ఇరుక్కోవడం, ఆ లోటు పూడ్చడానికి నెలాఖరులో రాత్రుళ్ళు మేలుకోవడం, ఈ రెండూ జంటగానే వస్తాయి. పుస్తకాలన్నీ కొనాల్సిన పనీ లేదు, మీ ఊళ్ళోనే గౌతమీ గ్రంథాలయం ఉంది. అక్కడికి నడిచి వెళ్ళి రావడమూ మంచిదే, రోజంతా ఇంట్లో కూర్చునేవాళ్ళకు మరీనూ.

కొత్త నెల నుంచి నంబర్లు వేయడం మానేసి, పేజీకి నాలుగు గళ్ళు గీయండి: తేదీ, ఎవరితో, పూర్తయిందా, గుర్తున్నది. నాలుగో గడిలో 'బాగుంది', 'పర్లేదు' లాంటివి రాయకూడదు. ఇలా ఉండాలి: "శనివారం, నాన్నగారితో, విశ్రాంతి దాకా. కూతురికి అన్నం వడ్డిస్తూ తల్లి నోరు విప్పని సీను. గరిటె చప్పుడు తప్ప ఇంకేం లేదు." ఇలా రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ మర్నాడు పొద్దున పెట్టుకోండి. అప్పటికీ గుర్తున్నదే రాస్తారు. పరీక్ష అయ్యేదాకా నెలకు ఆరు సినిమాలు, 500 పేజీలు చాలు. పేజీలే లెక్క, పుస్తకాలు కాదు. ఇది సుమారు 30 గంటలు, రోజుకు ఒక గంట.

నాన్నగారి విషయానికి వద్దాం. ఆయనకు సినిమాలంటే గిట్టదని మీరు రాయలేదు. రెండేళ్ళ తేదీలున్న పుస్తకం ఆయన చేతికి వచ్చింది, అందులో ఎక్కడా మాక్ టెస్ట్ అన్న మాట కనబడలేదు. ఉక్రోషం అక్కడ వచ్చి ఉంటుంది. కేకలేయడం సబబని కాదు, కానీ ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర కాగితం మీద ఉండాలి. 'నవలలు చదివితే ఇంగ్లీషు పెరుగుతుంది' అని మాత్రం వాదించకండి. మీరు చదివేవి తెలుగు నవలలైతే ఆయన ఒక్కమాటలో కొట్టిపారేస్తారు.

ఒక ప్రయోగం చేయండి. బ్యాంకు ప్రిలిమ్స్ (మొదటి దశ పరీక్ష) చాలావాటిలో గంటలో 100 ప్రశ్నలు, ఒక్కో విభాగానికి 20 నిమిషాలు. వారానికి రెండు మాక్ టెస్టులు పొద్దున్నే రాయండి. ప్రతి స్కోరు పక్కన ముందురోజు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో వేయండి. నాలుగు వారాలకు ఎనిమిది వరసలు వస్తాయి. నిద్ర తక్కువైన రోజు లెక్కల విభాగంలో తప్పులు ఎన్ని పెరిగాయో మీకే కనబడుతుంది.

నాలుగు వారాలూ గడిచేదాకా ఆయనతో మాట్లాడకుండా ఉండకండి. ఈ ఆదివారం పొద్దున కాఫీ టైములో, మొదటి వారం స్కోరు కాగితం చేతిలో పెట్టుకుని చెప్పండి: "నాన్నగారూ, రాత్రుళ్ళు మేలుకోవడం నా తప్పే. పదిన్నరకు వైఫై నేనే ఆపేస్తాను. ప్రతి ఆదివారం ఈ కాగితం చూపిస్తాను. రోజుకు ఒక గంట మాత్రం నాకు వదిలేయండి." అంతవరకే. పాత గొడవలు తవ్వద్దు, ఆయన విసుక్కున్నా అప్పుడే జవాబివ్వద్దు. అమ్మతో చెప్పించద్దు. రెండువైపులా మాట మోయలేకే ఆవిడ నలిగిపోతున్నారు. వీలైతే నెలలో ఒక సినిమా ఆయన్నే ఎంచుకోమనండి, ఎంత పాతదైనా కూర్చోండి, స్పీడు పెంచకుండా.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. రాత్రి ఆపాలనుకున్నచోట వారంలో ఎక్కువ రోజులు ఆపగలిగితే, ఆపిన మర్నాడు మామూలుగా ఉండగలిగితే కంగారు పడక్కర్లేదు. అలా కాకుండా ఇష్టమైన సినిమా కూడా రుచించకపోవడం, ఆకలి నిద్ర తప్పడం, ఏడుపు రావడం, పరీక్ష ఊసెత్తితేనే గుండెదడ, ఇవి రెండు వారాలు దాటితే అసలు సమస్య సినిమాలు అయ్యుండకపోవచ్చు. పరీక్ష భయం నుంచి తప్పించుకోవడానికి మీరు ఆ లెక్కలో తలదాచుకుంటూ ఉండొచ్చు. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

పాత నోటుబుక్కు చించేయకండి, దాచిపెట్టనూ వద్దు. బల్ల మీదే ఉండనివ్వండి, మాక్ టెస్టుల కాగితం అందులోనే అతికించండి.