వంకున్న పిల్లికి ఇల్లెక్కడ? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా రైస్ మిల్లు గోడౌన్‌లో పుట్టిన కూనల్లో రెండు నా దగ్గరే ఉండిపోయాయి. ఒకటి నడుస్తుంటే తాగినోడిలా తూలిపోద్ది, తల ఊపుతా ఉంటది, పుట్టినప్పట్నుంచీ అంతే. ఇంకోదానికి చిన్నప్పుడు కళ్ళు పుసులు కట్టేసి రెండు కళ్ళూ పోయాయి. వచ్చే మాఘంలో నా పెళ్ళి, బెంగుళూరు వెళ్ళిపోతున్నా, అమ్మ ఒక్కతే చూసుకోలేదు. చుట్టాల్లో ముగ్గురికి ఇచ్చా, ముగ్గురూ వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చేశారు. అమ్మేమో చేపల మార్కెట్ దగ్గర వదిలేద్దాం, అవే బతుకుతాయి అంటది. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, ముగ్గురు వెనక్కి తెచ్చారంటే వాళ్ళు ఇష్టపడి తీసుకోలేదు, మొహమాటానికి తీసుకున్నారన్నమాట. మన గోదారోళ్ళకి ఎదుటి మనిషి మొహమ్మీద వద్దండి అనడం చేతకాదు, అయ్యో దానికేముందండి పంపించెయ్యండి అనేస్తారు, ఆ మర్యాద మాటని నిజంగా ఒప్పుకున్నారనుకుంటే పిల్లి మళ్ళీ మన గుమ్మంలోనే ఉంటది. అందుకే మంచి మనసున్నోళ్ళ కోసం వెతక్కు, సరిపోయే ఇల్లు వెతుకు. జాలి పడేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, మనకి కావాల్సింది పొద్దున్నే లేచి ఇసుక తొట్టి మార్చేవాళ్ళు.

చేపల మార్కెట్ మాట మాత్రం అమ్మని మర్చిపోమను. కళ్ళు లేనిదాన్ని కుక్కల మధ్య వదిలేస్తే ఏమవుద్దో చెప్పక్కర్లేదు, పైగా పెంచుతున్న జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ముందు తూలేదాని సంగతి. చూలుతో ఉన్న తల్లికి పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ సోకితే కడుపులో కూనలకి చిన్నమెదడు సరిగ్గా ఎదగదు, పుట్టిన మొదటి రెండు మూడు వారాల్లో సోకినా అంతే, డాక్టర్లు దీన్నే సెరిబెల్లార్ హైపోప్లేసియా అంటారు. నొప్పి ఉండదు, ఆ తూలుడు ఇంకోదానికి అంటుకోదు, వయసుతో ముదరదు, మామూలు పిల్లి బతికినంత కాలం బతుకుద్ది. ఈ మాట నువ్వు చెప్తే ఎవరూ నమ్మరు, డాక్టర్ చేత చీటీ మీద రాయించుకో. ఎందుకంటే చెవిలో చీము పట్టినా, తలకి దెబ్బ తగిలినా, పురుగుమందు నాకినా కూడా పిల్లి తూలుద్ది. నడక మొదలెట్టినప్పట్నుంచీ తూలడం వేరు, నిన్నటిదాకా బాగుండి ఇవాళ తూలడం వేరు, రెండోదైతే ఆ పూటే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇంకో మాట, ఆ వైరస్ గోడౌన్‌లో ఏడాది దాకా బతికి ఉండగలదు, కాబట్టి అక్కడ మళ్ళీ కూనలు పుడితే ఎనిమిది వారాలకల్లా టీకా మొదలెట్టించు.

దీనికి టైల్సూ గ్రానైటూ పరిచిన కొత్త డాబాలు పనికిరావు, కాళ్ళు నాలుగు పక్కలకీ జారిపోతాయి. పాత గచ్చు నేలైతే హాయి. టైల్స్ ఇల్లే దొరికిందనుకో, మన కోనసీమ కొబ్బరి పీచు పట్టాలు నాలుగు పరిస్తే గోళ్ళకి పట్టు దొరుకుద్ది. మెట్లకి అడ్డం, ఇసుకకి అంచు తక్కువున్న వెడల్పు తొట్టి, తల తగిలినా కదలని బరువు గిన్నె. అంతకన్నా ఖర్చేం లేదు.

నమ్మవు గానీ గుడ్డిదాన్ని ఇవ్వడం దీనికన్నా తేలిక. మీసాలతో, వాసనతో, చెవులతో కొద్దిరోజుల్లోనే ఇల్లంతా గుర్తుపెట్టేసుకుంటది. మంచం ఉన్నచోటే ఉండాలి, గిన్నె చోటు మార్చకూడదు, ముట్టుకునే ముందు పిలవాలి. అసలు భయం మన ఊళ్ళలో నీళ్ళతోనే. ముందు పంట కాలువ, వెనకాల చేపల చెరువు, దొడ్లో నుయ్యి, మూతలేని గాబు, ఇలాంటి ఇల్లు ఎంత మంచోళ్ళదైనా వద్దు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వెళ్ళి చూసి నీళ్ళు లేవుగా అనుకుంటారు, వానాకాలం సార్వా పంటకి మళ్ళీ వదిలాక నిండుగా పారుద్ది కదా. పల్లెలో ఇల్లయినా తలుపేసి లోపలే ఉంచుతామనే వాళ్ళకే ఇవ్వు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతుంటే మాత్రం విడదీయకుండా ఒకే ఇంటికి ఇవ్వడానికి చూడు.

ఇక ప్రకటన. పాపం, దేవుడు అన్యాయం చేశాడు, దయచేసి కాపాడండి, ఇలాంటివి రాయొద్దు. ఇలా రాయి: "ఎనిమిది నెలల ఆడపిల్లి. తూలుతా నడుస్తుంది, పుట్టుకతోనే అంత, తగ్గదు, ముదరదు. మేడ మెట్లు ఎక్కలేదు. ఇసుక తొట్టి వాడుద్ది గానీ అప్పుడప్పుడూ పక్కన పడుద్ది, తుడుచుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలు పడ్డాయి. పరిగె చేపలంటే ప్రాణం. కుదరకపోతే ఎప్పుడైనా నాకు ఫోన్ చెయ్యండి, వేరే ఇల్లు నేనే చూస్తా." ఆ పక్కన పడుద్ది అనే ముక్క తీసెయ్యాలనిపిస్తుంది చూడు, అదే ఉంచు, వెనక్కి తెచ్చేవాళ్ళు చాలావరకు దాని దగ్గరే ఆగిపోతారు. ముద్దుగా పడుకున్న ఫొటో కాదు, తింటా తింటా తూలిపడి లేచే వీడియో పెట్టు. అది చూసి కూడా ఫోన్ చేసినోళ్ళతో మాట్లాడు. ఇచ్చేశా అనకు, రెండు వారాలు ఉంచుకుని చూడండి అను, మొదటి నాలుగు రోజులు ఒకే గదిలో ఉంచమను, ఎందుకంటే కొత్త ఇంట్లో ఏ పిల్లయినా మంచం కింద దూరి తిండి మానేస్తది, దానికే కంగారుపడి తెచ్చేస్తుంటారు. ఒకటి రెండు పూటలు తినకపోతే పర్లేదు గానీ రోజు దాటి అసలేం ముట్టకపోతే డాక్టర్‌కి చూపించమను. నీ పెళ్ళి మాఘంలో కాబట్టి సంక్రాంతికి ఊరొచ్చినోళ్ళు అడుగుతారు, వాళ్ళకి మాత్రం పండగ అయ్యేదాకా ఇవ్వకు. భోగి నాడు పడిన ముచ్చట కనుమ అయ్యి కారెక్కేటప్పుడు ఉండదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది అమలాపురం. వీధిలో దెబ్బలు తగిలిన గండుపిల్లిని తెచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను, బంగారం లాంటిది. పెంచుకుంటామని ఒకాయన వచ్చారు గానీ రక్తపరీక్షలో ఎఫ్ఐవీ పాజిటివ్ అని చెప్పగానే పిల్లికి ఎయిడ్స్ అంటండి, మా ఇంట్లో చంటిపిల్లలున్నారండి అని వెళ్ళిపోయారు. చెప్పకుండా ఇచ్చేసి ఉండాల్సిందా?

జవాబు: చెప్పి మంచి పని చేశారండి. కానీ ఎయిడ్స్ అనే మాట ముందు పడేసరికి తర్వాత చెప్పింది ఎవరి చెవికీ ఎక్కదు. ఎఫ్ఐవీ అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్, దాన్ని 1986లో కాలిఫోర్నియాలో మొదటిసారి కనిపెట్టారు, ఇది పిల్లులకే వస్తుంది, మనుషులకి రాదు, కుక్కలకీ రాదు, గీరినా కరిచినా నాకినా ఈ వైరస్ మనిషిలో పెరగదు. పిల్లి నుంచి పిల్లికి కూడా ముఖ్యంగా లోతుగా కొరుక్కున్న గాయాల నుంచే వెళ్తుంది, అందుకే వీధిలో కొట్లాడే గండుపిల్లుల్లో ఎక్కువ. ఆపరేషన్ అయ్యి ఇంట్లో ఉండి కొట్లాటలు మానేస్తే చాలా పిల్లులు ఏళ్ళ తరబడి బాగానే ఉంటాయండి. వేరే పిల్లి లేని ఇల్లయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. పచ్చి మాంసం, పచ్చి చేప పెట్టకుండా ఉడికించి పెట్టమనండి, చిన్న జబ్బు చేసినా తొందరగా చూపించమనండి.

దీన్ని ఎఫ్ఈఎల్వీతో, అంటే పిల్లుల లుకేమియా వైరస్‌తో కలిపెయ్యకండి, అది నాక్కోవడంతో, ఒకే గిన్నెలో తినడంతో కూడా అంటుకుంటుంది, ఎక్కువ ప్రమాదం. కొద్ది చుక్కల రక్తంతో పది నిమిషాల్లో రెండింటికీ చూసే కిట్ ఉంటది, అదే చేశారో లేదో కనుక్కోండి. ఇంకో పాఠకురాలు మూడు నెలల కూనకి ఎఫ్ఐవీ పాజిటివ్ వచ్చిందని ఏడుస్తూ రాశారు, ఆవిడకీ ఇక్కడే చెప్పేస్తున్నా: ఆరు నెలల లోపు కూనలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే పాజిటివ్ చూపించొచ్చు, ఆరు నెలలు దాటాక మళ్ళీ చేయించండి.

అసలు కరిస్తే భయపడాల్సింది రేబిస్‌కి. ఏ పిల్లి కరిచినా పదిహేను నిమిషాలు సబ్బూ ధార నీళ్ళూ, తర్వాత ఇంజెక్షన్.

ప్రశ్న: నమస్కారం. నరసాపురం దగ్గర మాది. బైకు తోక మీంచి వెళ్ళిపోయి మా పిల్లికి తోక చచ్చుబడింది, వెనక కాళ్ళు సగం లాగుతా నడుస్తది. ఒంటేలు దానంతట అది పోయలేదు, చుక్కలు కారతా ఉంటది. మూడు వారాలైంది. ఇలాంటిదాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చా, లేక బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ చేయించెయ్యడమే మంచిదా? మా పక్కింటావిడ లేసు అల్లుతారు, రోజంతా ఇంట్లోనే ఉంటారు, ఆవిడ తీసుకుంటానంటున్నారు.

జవాబు: చుక్కలు కారుతున్నాయంటే ఒంటేలు వస్తుందని అనుకోకండి, ఒంటేలు సంచి నిండిపోయి పొర్లుతుందని అర్థం, ముందు అది ఖాళీ చేయించాలి, ఇవాళే. తోక బలంగా లాగబడినప్పుడు వెన్ను చివర నరాలు సాగిపోతాయి లేదా తెగిపోతాయి, సంచిని నడిపే నరాలూ అక్కడివే. తోక మొదట్లో గిల్లితే తెలుస్తుంటే కోలుకునే ఆశ బాగా ఉన్నట్టు, సాగిన నరాలు కొన్ని వారాల్లో తేరుకోవచ్చు. మూడు వారాలకే ఇంజెక్షన్ మాట ఎత్తడం తొందరే అనిపిస్తుంది నాకు. మీ ఊళ్ళో పశువుల డాక్టర్ గారికి గేదెలూ మేకలూ అలవాటు, పిల్లి వెన్ను ఎక్స్‌రే చూసి చెప్పడానికి విజయవాడ దగ్గర గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి ఓసారి తీసుకెళ్తే మంచిది.

నరాలు తేరుకోకపోతే రోజుకి రెండు మూడుసార్లు చేత్తో పొట్ట నొక్కి ఒంటేలు తీయించాలి, ఎలాగో డాక్టర్ దగ్గర చెయ్యి పెట్టి నేర్చుకోవాలి, రాసి చెప్తే వచ్చే పని కాదు. మధ్యలో మానేస్తే ఇన్ఫెక్షన్ పట్టొచ్చు. అందుకని పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే ఉద్యోగస్తుల కంటే మీ పక్కింటావిడ లాంటివాళ్ళే సరైన మనిషి. ఇచ్చే ముందు పది రోజులు మీ ఇంట్లోనే ఆవిడ చేత చేయించండి. వాసన, తడి గుడ్డలు, ఒరుసుకుపోయిన చర్మం, అన్నీ చూశాక కూడా కావాలంటే ఇచ్చెయ్యండి.

కానీ లేసు దారం! పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలికి వంగి ఉంటాయి, దారం నోట్లో పడితే ఉమ్మలేదు, మింగుతానే ఉంటది, ఆ దారం పేగుల్ని ముడుచుకునేలా లాగి కోసేస్తది. పని అయ్యాక దారపుండలూ సూదులూ మూతున్న డబ్బాలో పెట్టాల్సిందే. దారం వెనక నుంచి వేలాడుతూ కనపడితే మాత్రం లాగొద్దు, అలాగే డాక్టర్ దగ్గరికి. నొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క వెయ్యడం అంతకన్నా ఘోరం, ఒక్క బిళ్ళ పిల్లిని చంపేయగలదు, పిల్లల సిరప్ అయినా అదే మందు. ఈ రెండూ కాగితం మీద రాసి ఆవిడ వంటింటి గోడకి అంటించండి.

ఎంత మందిచ్చినా నొప్పి తగ్గకపోతే, తిండి మానేస్తే, అప్పుడు డాక్టర్ గారు ఇంజెక్షన్ అంటే వినండి, అది పాపం కాదు.

ప్రశ్న: మండపేట నుంచి రాస్తున్నామండి. మేం శాకాహారులం. చెవులు వినపడని తెల్లపిల్లిని ఎవరూ తీసుకోవట్లేదంటే మేం పెంచుకుందామనుకుంటున్నాం. పాలూ పెరుగన్నం పెడితే సరిపోద్దా?

జవాబు: సరిపోదండి. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే రావాలి, ఒంట్లో సరిపడా తయారవ్వదు. అది లేకపోతే కంటి రెటినా పాడైపోద్ది, గుండె కండరం సన్నబడి పోద్ది. చెవిటిదాన్ని తెచ్చుకుని గుడ్డిదాన్ని చేసుకోవడమెందుకు! వంటింట్లో చేప వండక్కర్లేదు, టారిన్ కలిపిన క్యాట్ ఫుడ్ ప్యాకెట్ వరండాలో పెట్టి పెట్టొచ్చు, అదీ ఇంట్లో పెద్దవాళ్ళకి అభ్యంతరమైతే నిజాయితీగా వద్దనుకోవడమే నయం. అభ్యంతరం లేదా, ఎంచక్కా తెచ్చుకోండి. రెండు కళ్ళూ నీలంగా ఉన్న తెల్లపిల్లుల్లో సగానికి పైగా చెవుడుతోనే పుడతాయి, వాటికి అది లోటని కూడా తెలీదు. వెనక నుంచి పట్టుకోకుండా నేల మీద కాలు తట్టి దగ్గరికెళ్ళండి, రాత్రి లైటు వేసి ఆర్పితే తిండికొచ్చేలా అలవాటు చెయ్యండి. లారీ హారన్ వినపడదు కాబట్టి గేటు దాటనివ్వొద్దు.

ప్రశ్న: ఒంటికన్ను పిల్లి పొద్దున్నే ఎదురొస్తే అరిష్టమని మా అత్తగారు గోల. (తణుకు)

జవాబు: దొడ్డి వైపు పడుకోబెట్టమ్మా, ఎదురు రాదు. అత్తగారి కొబ్బరికాయల గదిలో ఎలకల్ని పట్టించి చూడు, వచ్చే నెల ఆవిడే చేప ముక్క దాచి పెడతారు.

ప్రశ్న: మాది పి.గన్నవరం అవతల లంక. మూడు కాళ్ళ పిల్లి ఉంది. గోదారొస్తే మేం పడవెక్కి గట్టుకి వచ్చేస్తాం, దాన్ని ఏం చెయ్యాలి? ఇచ్చేద్దామా?

జవాబు: మూడు కాళ్ళతో పిల్లి గెంతుద్ది, పరిగెత్తుద్ది, ఎలకనీ పడుద్ది, మామూలు రోజుల్లో దానికేం లోటు లేదు. వరదలో మాత్రం కొబ్బరిచెట్టో పెంకులో ఎక్కి రెండు రోజులు కూర్చోవడం దానికి కష్టం. ముందు కాలు లేనిదైతే దిగడం మరీ కష్టం. ఏటిగట్టుకి ఇవతల మీ చుట్టాలెవరైనా ఉంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం వాళ్ళింట్లో ఉంచండి, పూర్తిగా ఇచ్చెయ్యక్కర్లేదు, ఏటా అదే ఇల్లయితే దానికీ అలవాటైపోద్ది. అలా కుదరకపోతే టమాటాల ప్లాస్టిక్ ట్రేలు రెండు ఒకదానిమీద ఒకటి బోర్లించి తాడుతో కట్టండి, బోను కొనక్కర్లేదు. ఇప్పట్నుంచే అందులో పాత చీర వేసి తిండి పెట్టడం మొదలెట్టండి, గోదారి మొదటి హెచ్చరిక ఇచ్చాక పిల్లిని పట్టుకుని కొత్తగా ట్రేలో దూర్చాలంటే మీ చేతులు మిగలవు.