ఎన్నిసార్లు చూసుకున్నా అనుమానమే!

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌ని. కోడ్‌ని రివ్యూకి (తోటి డెవలపర్ పరిశీలనకు) పంపేముందు ఏడెనిమిదిసార్లు చూసుకుంటాను. పంపాక కూడా ఆ కండిషన్ రాశానా లేదా అని మళ్లీ తెరుస్తాను. పొద్దున స్టాండప్‌లో (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్‌లో) నిన్న ఏం చేశానో గుర్తురావడం లేదు. ఈ వయసులోనే మతిమరుపా?

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి తగ్గింది జ్ఞాపకం కన్నా, దానిమీద మీ నమ్మకం అనిపిస్తోంది. 2003లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే డచ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న విద్యార్థులచేత కంప్యూటర్ తెరమీద గ్యాస్ పొయ్యిని పదేపదే తనిఖీ చేయించారు. చివరిసారి ఏ బర్నర్లు చూశారో చాలావరకు సరిగ్గానే చెప్పగలిగారు. కానీ ఆ దృశ్యం మసకబారింది, ‘కచ్చితంగా గుర్తుంది’ అనే ధీమా పడిపోయింది. ఎనిమిదిసార్లు చూస్తే ఏది ఎప్పుడు చూశారో కలగలిసిపోతుంది. అనుమానం తీరడానికి చేసే తనిఖీయే అనుమానాన్ని పెంచుతోందన్నమాట.

అందుకే తనిఖీ ఒక్కసారే, అదీ కాగితం మీద. ఖాళీ ఇన్‌పుట్ వస్తే ఏమవుతుంది, ఎర్రర్ ఎక్కడికి పోతుంది, టెస్టులు పాసయ్యాయా, లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే రికార్డులో) పాస్‌వర్డ్ పడుతోందా, డేటాబేస్ మార్పును వెనక్కి తీసుకోగలమా: ఈ ఐదూ రాసుకుని, డిఫ్‌ను (మీరు మార్చిన లైన్లను) పైనుంచి కిందికి ఒకసారి చదువుతూ టిక్ పెట్టండి. పంపేయండి. రివ్యూయర్ కామెంట్ వచ్చేదాకా తెరవకండి. మొదట్లో కంగారు పెరుగుతుంది, తెరవకుండా ఉంటే దానంతటదే దిగుతుంది. పక్కసీటువాళ్లను ‘ఒకసారి చూస్తావా, బాగానే ఉందా’ అని అడగడం కూడా తనిఖీ కిందే లెక్క. చాలామంది ఇక్కడే జారిపోతారు. ఇంకో ప్రమాదం, జాబితా రోజూ పెరగడం. నిజంగా బగ్ బయటపడితేనే కొత్త అంశం చేర్చండి. మార్పు 200 లైన్లు దాటితే రెండుగా విడగొట్టండి.

స్టాండప్ సంగతి వేరు. ఒకేసారి మనసులో నిలిచేవి మూడు నాలుగు విషయాలే. ఆ కాస్త చోటునూ ఆందోళన ఆక్రమిస్తే చేసిన పని సరిగా నమోదు కాదు, నమోదుకానిది గుర్తురాదు. సీట్లోంచి లేచే ప్రతిసారీ ‘ఏం చేశాను, తర్వాత ఏం చేయాలి’ అని ఒక్క లైను రాయండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు. నిద్ర చాలకపోతే ఈ చిట్కాలేవీ పనిచేయవు.

శారీరక కారణం ఏదైనా ఉందేమో తేల్చుకోవడానికి విటమిన్ బి12, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. శాకాహారులకూ, గ్యాస్ మాత్రలు ఏళ్లతరబడి వాడేవాళ్లకూ బి12 తగ్గే అవకాశం ఎక్కువ. పరీక్షకు ముందే బి12 మాత్రలు మొదలుపెడితే అసలు లోపం రిపోర్టులో కనబడకపోవచ్చు.

ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం నింపండి. మొత్తం 21కి 10 లేదా ఆపైన వస్తే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తెలిసిన దారి తప్పిపోవడం, మాటలు తడబడటం లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.