ఉచిత పంపుకు అప్పు ఎందుకు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి వేస్తున్నాం): డాలస్ శివారులో ఉంటాం. వారాంతాల్లో బిర్యానీ ట్రైలర్ నడుపుతాను. దాన్ని లాగడానికి 2022 చివర్లో ఒక 2019 రామ్ 2500 డీజిల్ ట్రక్కు పాతది కొన్నాను. ఇంధన పంపుకు రీకాల్ (లోపాన్ని సరిచేయడానికి కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం) ఉందని, అది ఇంకా చేయించలేదని ఈ మధ్య నూనె మార్పించడానికి వెళ్లినప్పుడు తెలిసింది. బండి బాగానే నడుస్తోంది. పాడుకాని పంపు విప్పిస్తే కొత్త తంటాలు వస్తాయని స్నేహితులు అంటున్నారు. డీలరు దగ్గర పెడితే రెండు వారాంతాల వ్యాపారం పోతుంది. తెలిసిన మెకానిక్ 4,600 డాలర్లకు పాతకాలపు గట్టి పంపు రెండు రోజుల్లో బిగించి ఇస్తానంటున్నాడు. బ్యాంకులో 1,400 ఉన్నాయి. ట్రక్కు టైటిల్ (యాజమాన్య పత్రం) తాకట్టు మీద 5,000 అప్పు ఇస్తామంటున్నారు, నెలకు 1,100 రుసుము. అది తీసుకోనా, నా భార్య 401కె (ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా) నుంచి తీయనా, చీటీ పాడేయనా? లేక ట్రక్కే అమ్మేసి కొత్తది కొననా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అప్పు ఎక్కడ తేవాలో చెప్పమని నాలుగు దారులు చూపించారు. అసలు అప్పు అవసరమా అనే ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇది మీ ఒక్కరి తప్పు అయితే విడిగా రెండు ముక్కలు రాసి పంపేవాణ్ని. బండి అనగానే ముందు అప్పు గుర్తుకొచ్చే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు పంపు సంగతి తేలుద్దాం. 2019, 2020 మోడళ్ల పెద్ద రామ్ ట్రక్కుల్లో 6.7 లీటర్ల కమిన్స్ ఇంజన్‌కు బాష్ వారి సీపీ4 పంపు పెట్టారు. అంతకుముందు చాలా ఏళ్లు వాడింది సీపీ3. కొత్త పంపు ఎక్కువ పీడనం ఇస్తుంది గానీ లోపలి భాగాలు అరిగితే సన్నటి లోహపు రజను ఇంధనంలో కలిసి గొట్టాల్లోకి, ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లలోకి పోతుంది. ఈ పంపుకు వేరే కందెన ఉండదు, దానికి కందెన డీజిలే. అమెరికా డీజిల్ ప్రమాణం అరుగుదల పరీక్షలో 520 మైక్రాన్ల అరుగుడు మచ్చ దాకా ఒప్పుకుంటుంది, ఐరోపాలో హద్దు 460. అంటే ఇక్కడి డీజిల్ అంత జారుడుగా లేకపోయినా చెల్లుతుందన్నమాట. 2021 నవంబరులో సుమారు 2,22,000 ట్రక్కులకు రీకాల్ ప్రకటించడానికి కంపెనీ చెప్పిన కారణం పంపు విఫలమై, నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోవచ్చని. 2021 మోడల్‌కు వచ్చేసరికి మళ్లీ సీపీ3కే వెళ్లిపోయారు.

రీకాల్ కింద డీలరు మీకు ఉచితంగా బిగించేది కూడా ఆ సీపీ3నే. మీ మెకానిక్ 4,600 తీసుకుని బిగిస్తానంటున్న ‘పాతకాలపు గట్టి పంపు’ ఏమిటో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. పంపుతో పాటు ఇంధన వ్యవస్థలో మార్చవలసిన ఇతర భాగాలు ఉంటే వాటికీ మీరు డబ్బు కట్టనక్కర్లేదు. ఇంకో మాట: రీకాల్ రాకముందే సొంత ఖర్చుతో బాగు చేయించుకున్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. ఉచిత మరమ్మతు అందుబాటులో ఉండగా బయట చేయించుకుని, తర్వాత రసీదు పట్టుకుని వెళ్తే ఎవరూ ఇవ్వరు. ఆ 4,600 గంగలో పోసినట్టే.

పాత బండి కదా, రెండో యజమానికి వర్తిస్తుందా అనే అనుమానం మీ ఉత్తరంలో సగం సగంగా వినిపించింది. వర్తిస్తుంది. రీకాల్ బండిని అంటిపెట్టుకుని ఉంటుంది, మనిషిని కాదు. రీకాల్ నోటీసు ఇచ్చే నాటికి బండి మొదటి అమ్మకం జరిగి 15 ఏళ్లు దాటి ఉంటేనే ఉచితంగా చేయాలన్న బాధ్యత కంపెనీకి పోతుంది. మీ ట్రక్కు అప్పటికి మూడేళ్లది. పాత బండ్లు అమ్మేవాళ్లు రీకాల్ పని పూర్తిచేసి మరీ అమ్మాలని అమెరికా సమాఖ్య చట్టం బలవంతం చేయదు కాబట్టి మీ చేతికి ఇలా వచ్చింది. కొనేముందు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే బండి సంఖ్యను జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసేది. ఇప్పుడైనా చూడండి, పంపు కాక ఇంకేమైనా రీకాళ్లు మిగిలి ఉండవచ్చు.

స్నేహితుల మాట: ‘పాడుకాని దాన్ని ఎందుకు విప్పడం?’ నీళ్లు కారని కుళాయి విషయంలో ఆ మాట సరిపోతుంది. వెనక గ్యాసు సిలిండర్లు, మరుగుతున్న నూనె, రెండువందల మందికి వండిన బిర్యానీ ఉన్న ట్రైలర్ తగిలించుకుని ఐ-35 హైవే మీద వెళ్తుంటే ఇంజన్ ఆగిపోయిందనుకోండి, ఆ స్నేహితులు అక్కడికి వస్తారా? ఈ పంపు పోయేముందు ప్రతిసారీ హెచ్చరిక ఇవ్వదు. పూర్తిగా చితికిపోతే ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా మార్చడానికి ఎనిమిది, పదివేల డాలర్ల మాట వినిపిస్తూ ఉంటుంది. రీకాల్ కింద అది మీకు ఉచితంగా దక్కినా ఆ రోజు వ్యాపారం, టోయింగ్, పాడైన సరుకు ఎవరిస్తారు? చేయించండి. దీని గురించి ఇంతకంటే ఆలోచించవలసింది ఏమీ లేదు.

ఇక మీరు భయపడుతున్న నష్టం దగ్గరికి వద్దాం. ట్రైలర్ మీద ఖర్చులు పోను నెలకు 1,900 మిగులుతుందని రాశారు. అంటే వారాంతానికి సుమారు 475. రెండు వారాంతాలు పూర్తిగా పోయినా 950. మీరు తీసుకోబోతున్న టైటిల్ అప్పుకు మొదటి నెల రుసుమే 1,100! తొమ్మిదివందల యాభై పోతుందని భయపడి పదకొండువందలు కట్టడానికి సిద్ధపడటం ఏ లెక్క? పైగా ఆ 1,100లో అసలు ఒక్క డాలరు తీరదు. నెలాఖరుకు 5,000 ఒకేసారి కట్టలేరు, బ్యాంకులో 1,400 ఉన్న మనిషి ఎలా కడతాడు? మళ్లీ పొడిగిస్తారు. మూడు నెలలకు 3,300 కట్టి ఉంటారు, అసలు 5,000 అలాగే కూర్చుని ఉంటుంది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2016లో ఈ అప్పులను పరిశీలించినప్పుడు ప్రతి అయిదుగురిలో ఒకరి బండిని అప్పిచ్చినవాళ్లు లాక్కుపోయినట్టు తేలింది. ఎనభై శాతానికి పైగా అప్పులు గడువు రోజునే మళ్లీ తిరగరాసుకున్నవే. మీ ట్రక్కు పోతే ట్రైలర్ వాకిట్లో పెట్టిన ఇనుప పెట్టె. కూడు పెట్టే బండిని తాకట్టు పెట్టి దాని పంపు బాగు చేయించడం... ఉత్తరం చదువుతూ ఇక్కడికి వచ్చాక లేచి టీ పెట్టుకున్నాను.

401కె మీద చేయి వేయకండి. అందులోంచి అప్పుగా తీశాక మీ భార్య ఉద్యోగం మారినా, పోయినా మిగిలిన బాకీని ఆ ఏటి పన్ను రిటర్ను గడువులోగా సర్దలేకపోతే దానికి పన్ను, వయసు 59½ లోపైతే సాధారణంగా పైన 10 శాతం జరిమానా. ట్రక్కు అమ్మి 84 నెలల వాయిదాల మీద కొత్తది కొనడం గురించి నన్ను అడగకుండా ఉంటే బాగుండేది.

నేను అసలు మాట్లాడదలచుకున్నది ఆ 1,400 గురించి. మీ ఇంట్లో నెలకు తప్పనిసరి ఖర్చు 5,200 అని రాశారు. అంటే మీ దగ్గర ఉన్నది ఎనిమిది రోజుల తిండి, అద్దె. పంపు ఉచితంగా వస్తుంది సరే, వచ్చే నెల టైర్లు పోతాయి. ట్రైలర్ ఫ్రిజ్ పోతుంది. అమ్మకో నాన్నకో బాగాలేక హైదరాబాదుకు రాత్రికి రాత్రి టికెట్ కొనాలి. వాటికి రీకాళ్లు రావు. నేను ఈ పాఠం డబ్బు కట్టే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట మా పాత వ్యాను గేర్‌బాక్సు పోతే 3,100 డాలర్లు క్రెడిట్ కార్డు మీద పెట్టాను, తీర్చడానికి రెండేళ్లు పట్టింది. వ్యాను అంతకు ముందే పోయింది.

మీ ఇంటి లెక్క నేనే వేశాను. మీ భార్య చేతికొచ్చే జీతం 5,600, ట్రైలర్ 1,900, మొత్తం 7,500. తప్పనిసరి ఖర్చు 5,200 పోతే 2,300. అందులో చీటీకి 500, షాద్‌నగర్ స్థలం వాయిదాకు 450, ఊరికి 400. ఇంకా 950 మిగలాలి. మీ ఉత్తరంలో దాని జాడ లేదు, మీ ఖాతాలో అసలే లేదు. రేపటి నుంచి ఆ 950 జీతం పడిన రోజే వేరే బ్యాంకులోని పొదుపు ఖాతాకు దానంతట అదే వెళ్లిపోయేలా పెట్టండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి. మిగిలితే వేస్తాను అన్నవాళ్ల ఖాతాల్లో ఏమీ మిగలడం నేను చూడలేదు.

చీటీ ఇరవై నెలలది, పద్నాలుగు కట్టారు. ఇప్పుడు పాడితే తగ్గించి తీసుకోవాలి. ఎందుకు, కట్టవలసిన బిల్లే లేనప్పుడు? ఆరు నెలలు ఓపిక పట్టండి. చివరి పాటలో వచ్చే దాదాపు 10,000 నేరుగా ఆ ఖాతాలోకే. అప్పటికి నెలనెలా వేసినవి 5,700, ఇప్పుడున్న 1,400 కలిపితే 17,100. చీటీ వాయిదా ఆగిపోతుంది కాబట్టి నెలకు 1,450 చొప్పున మరో మూడు నెలలు వేస్తే నాలుగు నెలల ఖర్చు, అంటే 20,800 దాటతారు. మొత్తం తొమ్మిది నెలలు. ఊళ్లో స్థలం అమ్మనక్కర్లేదు, ఎవరికీ చేయి చాచనక్కర్లేదు. అయితే ఇది అయ్యాక మరో చీటీలో చేరకండి. స్నేహితుల మధ్య నోటిమాట మీద నడిచే చీటీలో ఒకరు ఊరు వదిలి వెళ్తే మీ డబ్బుకు దిక్కు లేదు. బ్యాంకు ఖాతాకు 2,50,000 డాలర్ల దాకా ప్రభుత్వ సంస్థ పూచీ ఉంది.

బీమా గురించి ఒక్క మాట, ఇది మాత్రం ఈ వారమే చూడండి. ట్రక్కుకు మీరు తీసుకున్నది సొంత వాడకపు పాలసీ అని రాశారు. దానితో వ్యాపార ట్రైలర్ లాగుతున్నట్టు బీమా కంపెనీకి చెప్పారా? చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున వాళ్లు మొదట అడిగేది అదే, క్లెయిము తిరస్కరించినా తిరస్కరిస్తారు. వాణిజ్య పాలసీకి ప్రీమియం ఎక్కువే. ఆ తేడాను బిర్యానీ ధరలో కలపండి.

డీలరుకు ఫోను చేసి సోమవారం నాటి అపాయింట్‌మెంటు అడగండి. భాగాలు చేతిలో ఉన్నాయని రూఢి అయ్యాకే బండి ఇవ్వండి, అప్పుడు శుక్రవారానికి చేతికి వచ్చే అవకాశం ఎక్కువ. బదులు బండి ఇస్తారేమో అడగండి, ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో ట్రైలర్ లాగనివ్వరు కాబట్టి అటు వెళ్లకండి. ట్రక్కున్న స్నేహితుడెవరైనా ఉంటే, పంపు విప్పవద్దని సలహా ఇచ్చినవాళ్లలోనే ఒకరిని, ఒక శనివారం డబ్బిచ్చి పిలవండి. బీమా సంగతి మాత్రం అతని బండికీ ముందే కనుక్కోండి. పని అయ్యాక ఏ పంపు బిగించారో రాసిన కాగితం తీసుకోండి, రేపు ట్రక్కు అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు. ఇంధన ఫిల్టరు మాత్రం గడువు తప్పకుండా మీ ఖర్చుతో మారుస్తూ ఉండండి.

మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి. పంపు ఎలా ఉందో రాయనక్కర్లేదు, ఆ పొదుపు ఖాతాలో ఎంత ఉందో రాయండి.