ఎన్నికల ఏడాదిలో, కరోనా మధ్యలో "బళ్లు తెరవకపోతే నిధులు ఆపేస్తా" అన్నారు ట్రంప్. నిజంగా ఆపగలిగేవారా?

ఆపలేరు. ఆపలేదు కూడా. 2020 జులై 8న ట్వీట్ అయితే పెట్టారు గానీ, దాని వెనక ఒక్క డాలరు కూడా ఆగలేదు.

ఎందుకంటే అమెరికాలో బడి ఖర్చులో కేంద్రం వాటా పదో వంతుకు లోపే. మిగతాదంతా రాష్ట్రం ఇచ్చేదీ, ఊళ్లో ఆస్తి పన్నుదీ. అందులో విద్యాశాఖ ఇచ్చే పెద్ద పద్దులు రెండు: పేద పిల్లలు ఎక్కువున్న బళ్లకు ఇచ్చే టైటిల్ వన్ (2020లో సుమారు 1,630 కోట్ల డాలర్లు), వైకల్యమున్న పిల్లల చదువుకు ఇచ్చే ఐడియా గ్రాంటు. రెండూ చట్టంలో రాసిన ఫార్ములా ప్రకారం వాటంతట అవే కదిలే డబ్బు. బడి తలుపులు తెరిచి ఉండాలన్న షరతు ఆ ఫార్ములాలో ఎక్కడా లేదు. కాంగ్రెస్ మంజూరు చేసిన సొమ్మును అధ్యక్షుడు తొక్కిపట్టకుండా 1974 నుంచీ ఒక చట్టం ఉండనే ఉంది. పోనీ అన్నిటినీ కాదని తొక్కిపట్టినా, దెబ్బ తగిలేది బడి మూసిన సూపరింటెండెంటుకు (ఆ ప్రాంతం బళ్లకు పెద్ద) కాదు, పేద పిల్లలకు.

షరతు కావాలంటే చట్టంలోనే పెట్టుకోవాలి. సెనేట్ రిపబ్లికన్లు అదే జులై 27న ఆ ప్రయత్నమూ చేశారు. వాళ్ల బిల్లులో చదువులకు 10,500 కోట్ల డాలర్లు, అందులో 7,000 కోట్లు బళ్లకు. ఆ 7,000 కోట్లలో మూడింట రెండు వంతులు పిల్లల్ని బడికి రప్పించే ప్లాను చూపించిన వాళ్లకే. బిల్లు గట్టెక్కలేదు, అక్కడితో ఆ కథ ముగిసింది.

మీరు అడగకపోయినా అసలు సంగతి ఇంకోటుంది. ట్వీట్ గురించి అందరూ మాట్లాడారు, డబ్బును నిజంగా దారి మళ్లించబోయిన కాగితం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఆ కాగితం పేరు గైడెన్స్, అంటే చట్టాన్ని ఎలా అమలు చేయాలో విద్యాశాఖ ఇచ్చే సూచనలు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ ఆ పూజారి ఈ గైడెన్సే.

2020 మార్చి 27న కరోనా సాయం కోసం కేర్స్ చట్టం వచ్చింది. చదువులకు 3,075 కోట్ల డాలర్లు: బళ్లకు 1,320 కోట్లు (దీన్నే ఎస్సర్ అంటారు), గవర్నర్ల చేతికి దాదాపు 300 కోట్లు, కాలేజీలకు దాదాపు 1,400 కోట్లు. ఎస్సర్ సొమ్మును టైటిల్ వన్ నిష్పత్తిలోనే రాష్ట్రాలకు పంచారు. రాష్ట్రం అందులో కనీసం 90 శాతం అదే నిష్పత్తిలో స్కూల్ డిస్ట్రిక్టులకు (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బళ్లు నడిపే స్థానిక సంస్థలు) దించాలి. అంటే ఏ డిస్ట్రిక్టుకు ఎంత అన్నది తేల్చేది పేద పిల్లల లెక్కే.

ఇదే చట్టంలో 18005వ సెక్షన్ ఉంది. డిస్ట్రిక్టు పరిధిలోని ప్రైవేటు బళ్ల పిల్లలకు కూడా ఈ డబ్బుతో సేవలు అందించాలి, టైటిల్ వన్‌లోని 1117వ సెక్షన్‌లో ఏ పద్ధతి ఉందో అదే పద్ధతిలో, అని దాని సారాంశం. ఆ 1117 పద్ధతి దశాబ్దాలుగా అందరికీ తెలిసిందే: ప్రైవేటు బళ్లలో ఉన్న పేద పిల్లల్ని లెక్కపెట్టు, ఆ దామాషాలో వాటా తియ్యి. ఏప్రిల్ 30న విద్యామంత్రి బెట్సీ డివోస్ శాఖ గైడెన్స్ ఇచ్చింది: పేదల్నే కాదు, ప్రైవేటు బళ్లలో చేరిన పిల్లలందరినీ లెక్కపెట్టండి, అని.

ఇదేం పెద్ద తేడా అనుకుంటే ఒక లెక్క వేసి చూడండి. ఒక డిస్ట్రిక్టులో ప్రభుత్వ బళ్ల పిల్లలు 10,000, అందులో పేదలు 4,000. ప్రైవేటు బళ్ల పిల్లలు 2,000, అందులో పేదలు 200. ఎస్సర్ కింద 10 లక్షల డాలర్లు వచ్చాయనుకుందాం. పాత పద్ధతిలో 4,200లో 200, అంటే 4.76 శాతం, 47,619 డాలర్లు ప్రైవేటు వాటా. కొత్త పద్ధతిలో 12,000లో 2,000, అంటే 16.67 శాతం, 1,66,667 డాలర్లు. తేడా 1,19,048 డాలర్లు. డబ్బు వచ్చిందేమో పేద పిల్లల తలలు చూసి, పోయేదేమో ఫీజులు కట్టగలిగే ఇళ్ల పిల్లల తలలు చూసి. దీన్ని ఏ పార్టీ వాడైనా ఎలా సమర్థిస్తాడో నాకు అర్థం కాదు. నిజానికి సొంత పార్టీ వాళ్లే సమర్థించలేదు. సెనేట్ విద్యా కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న రిపబ్లికన్ లామార్ అలెగ్జాండర్, టైటిల్ వన్ తరహాలోనే పంచుతారని తానూ అనుకున్నానన్నారు. ఇండియానాలో రిపబ్లికన్‌గానే గెలిచిన విద్యాధికారి జెన్నిఫర్ మెక్‌కార్మిక్ అయితే ఈ గైడెన్స్ పాటించబోమని తేల్చి చెప్పేశారు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి. ప్రైవేటు బడి చేతికి చెక్కు రాదు. డబ్బు డిస్ట్రిక్టు చేతిలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ కొన్నా, ట్యూటర్‌ను పెట్టినా డిస్ట్రిక్టే చేయాలి. కొన్న వస్తువు ప్రైవేటు బడి గదిలో ఉన్నా ఆస్తి డిస్ట్రిక్టుదే, స్టిక్కర్ వేసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. వాటా తేల్చే ముందే ప్రైవేటు బళ్లతో సంప్రదింపులు జరగాలి, జరిగినట్టు రాతపూర్వకంగా ఆధారం ఉంచుకోవాలి. ముందు అన్నీ కొనేసి, ఆ తర్వాత "మీకేమైనా కావాలా" అని ఒక ఈమెయిలు పడేస్తే ఆడిట్‌లో దొరికిపోతారు.

గైడెన్స్‌కు చట్టబలం లేదని అందరూ అనేసరికి, జులై 1న దాన్నే రూల్‌గా మార్చి తెచ్చారు. ఈసారి రెండు దారులు చూపించారు. పిల్లలందరినీ లెక్కపెడితే డబ్బును ఏ బడికైనా వాడుకోవచ్చు. పేదల్నే లెక్కపెడతానంటే మాత్రం డబ్బు టైటిల్ వన్ బళ్లలోనే ఖర్చు కావాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చాలా డిస్ట్రిక్టుల్లో కొన్ని బళ్లు టైటిల్ వన్, కొన్ని కావు. మాస్కులు, శానిటైజరు, ఇంటర్నెట్ హాట్‌స్పాట్‌లు అన్ని బళ్లకూ కావాలి. అంటే రెండో దారి పేరుకే దారి.

ఆగస్టులో సియాటిల్‌లో ఒక కోర్టు, కాలిఫోర్నియాలో ఇంకో కోర్టు ఈ రూల్‌ను ఆపాయి. సెప్టెంబరు 4న వాషింగ్టన్ డీసీలో జడ్జి డాబ్నీ ఫ్రెడ్రిక్ పూర్తిగా కొట్టేశారు. ఆమెను నియమించింది ట్రంపే. చట్టంలో మాట స్పష్టంగా ఉన్నప్పుడు శాఖ దాన్ని మార్చి చదవడానికి వీల్లేదన్నది తీర్పు. సెప్టెంబరు 25న డివోస్ అప్పీలుకు వెళ్లబోమని చెప్పేశారు. అప్పటికి ఐదు నెలలు గడిచిపోయాయి. జులై 1తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే డిస్ట్రిక్టుల్లో, తీర్పు వచ్చేదాకా తేడా సొమ్మును ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవడం తప్ప లెక్కలు చూసేవాళ్లు చేయగలిగింది లేదు. పిల్లలకు హాట్‌స్పాట్‌లు అన్నిటికన్నా అవసరమైన రోజులవి. డిసెంబరు 27 నాటి రెండో ప్యాకేజీలో (బళ్లకు 5,430 కోట్లు) ప్రైవేటు బళ్లకు 275 కోట్లతో వేరే పద్దు పెట్టారు. గొడవ తీరింది. ఈ పని మార్చిలోనే చేసి ఉండొచ్చు.

మన పిల్లలకు తగిలిన గైడెన్స్ వేరే ఉంది. కేర్స్‌లో కాలేజీలకిచ్చిన సొమ్ములో కనీసం సగం విద్యార్థులకు అత్యవసర సాయంగా పోవాలి. ఏ విద్యార్థులకు అన్నది చట్టం చెప్పలేదు. ఏప్రిల్ 21న శాఖ చెప్పింది: కేంద్ర ఆర్థిక సాయానికి అర్హులైన వాళ్లకే. అంటే ఎఫ్-1 వీసా మీదున్న వాళ్లకు సున్నా. క్యాంపస్‌లో పార్ట్ టైమ్ పని పోయి, విమానాలు లేక, అద్దె కట్టాల్సిన హైదరాబాద్, గుంటూరు పిల్లలు ఈ లెక్కలో మనుషులే కారు. 2021 మేలో కొత్త ప్రభుత్వం రూల్ మార్చాక విదేశీ విద్యార్థులకూ ఇవ్వొచ్చన్నారు. ఆన్‌లైన్ క్లాసులే ఉంటే దేశం వదలాలన్న 2020 జులై 6 నాటి ఉత్తర్వు మాత్రం అందరికీ గుర్తుంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్లడంతో అది 14వ తేదీకల్లా వెనక్కి పోయింది. ఎనిమిది రోజులు బతికిన ఉత్తర్వుకు దొరికిన ప్రచారంలో ఏడాది బతికిన గైడెన్స్‌కు నూరో వంతు కూడా దొరకలేదు.

ఇంకో చిరాకు కూడా చెప్పేస్తా. "బళ్లకు కోట్లు ఇస్తే ఖర్చే పెట్టలేదు" అన్న మాట అప్పుడూ విన్నాం, ఇప్పుడూ వింటున్నాం. ఈ డబ్బు చాలా రాష్ట్రాల్లో ముందుగా చేతికి రాదు. డిస్ట్రిక్టు బడ్జెట్ రాసి రాష్ట్రం దగ్గర ఆమోదం తెచ్చుకోవాలి, సొంత డబ్బుతో ఖర్చు పెట్టాలి, బిల్లులతో క్లెయిమ్ పెట్టాలి. అప్పుడు రాష్ట్రం కేంద్రం ఖాతా నుంచి తీసి ఇస్తుంది. కేంద్రం లెక్కలో ఖర్చు కనిపించేది ఆ చివరి మెట్టులోనే. ఆగస్టులో ఆర్డరిచ్చిన ల్యాప్‌టాప్‌లు నవంబరులో వచ్చి, బిల్లు జనవరిలో తీరితే, అక్టోబరు లెక్కలో అది సున్నా.

గడువులూ అలాంటివే. కేర్స్ సొమ్ముకు 2022 సెప్టెంబరు 30, రెండో ప్యాకేజీకి 2023 సెప్టెంబరు 30, బైడెన్ వచ్చాక 2021 మార్చిలో ఇచ్చిన 12,200 కోట్లకు 2024 సెప్టెంబరు 30. ఇది డబ్బు చెల్లించే గడువు కాదు, బాధ్యత రాసుకునే గడువు. వస్తువులకైతే ఆర్డరు మీద కట్టుబడుతూ సంతకం పెట్టిన రోజు లెక్క. జీతానికైతే పని చేసిన రోజు లెక్క. అందుకే సెప్టెంబరు 29న ఏసీ, వెంటిలేషన్ కాంట్రాక్టు మీద సంతకం పెడితే చెల్లుతుంది. అదే రోజు టీచర్‌కు వచ్చే ఏడాది జీతం ముందే రాస్తే చెల్లదు. టీచర్లను పెట్టుకోకుండా యంత్రాలు కొన్నారని తిట్టేవాళ్లు ఈ ఒక్క నిబంధన చదవాలి.

గడువు తర్వాత బిల్లులు తీర్చడానికి 120 రోజులు ఇస్తారు. అడిగితే శాఖ పొడిగిస్తుంది. చివరి ప్యాకేజీకి చాలా రాష్ట్రాలు అలా 2026 మార్చి 28 దాకా తెచ్చుకున్నాయి.

కాబట్టి నా "ఆపలేరు" అన్న మాటకు ఒక సవరణ. 2020లో ట్వీట్‌తో కానిది 2025లో ఉత్తరంతో జరిగింది. 2025 మార్చి 28న విద్యాశాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది: మీకిచ్చిన పొడిగింపులు రద్దు, ఈ రోజు సాయంత్రం 5 గంటలతో గడువు సరి, అని. ఒప్పందాలు రాసుకుని, పని చేయించుకుని, బిల్లు తీర్చడమే మిగిలిన డిస్ట్రిక్టులు నడిమధ్యలో చిక్కుకున్నాయి. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి, మే నెలలో న్యూయార్క్‌లోని ఫెడరల్ జడ్జి వాళ్ల వరకు ఆ లేఖను ఆపారు.